కాంపౌండ్ బో లింబ్ పగిలింది, షాప్ వాళ్ళు డ్రై ఫైర్ అంటున్నారు, ఇప్పుడేం చేయాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కాంపౌండ్ బో (చివర్లకి చక్రాలు, కేబుల్స్ ఉండే విల్లు) కొని రెండేళ్ళు కాలేదు, 60 పౌండ్ల లింబ్స్ (విల్లుకి పైనా కిందా వంగే రెక్కలు), ప్రాక్టీస్‌లో షాట్ వదలగానే టప్ మని సౌండ్ వచ్చింది, చూస్తే పై లింబ్ అంచున పొడుగ్గా పేడు లేచి ఉంది, స్ట్రింగ్ మాత్రం క్యామ్‌ల (లింబ్ చివరి చక్రాల) మీదే ఉంది. షాప్ అతను చూసీ చూడగానే ఇది డ్రై ఫైర్ (బాణం లేకుండా లాగి వదలడం), వారంటీ రాదు అనేశాడు, మీరేమో బాణం పెట్టే వదిలాను అంటున్నారు. వెయిట్ (లాగడానికి పట్టే బలం) తగ్గించుకుని వాడుకోవచ్చా, ఆ ఒక్క లింబ్ మార్పిస్తే సరిపోతుందా, లేక బో మొత్తం మార్చమని పట్టుబట్టాలా అని అడిగారు.

ముందు పొట్టి జవాబులు చెప్పేస్తాను. వెయిట్ తగ్గించి వాడటం వద్దు, ఒక్క షాట్ కూడా వద్దు, ఊరికే లాగి చూడటం కూడా వద్దు. ఒక్క లింబ్ మార్చడం కూడా వద్దు, మారిస్తే సెట్ మొత్తం మార్చాలి. బో మొత్తం అడగాలా అంటే లింబ్ కాకుండా ఇంకేం దెబ్బతిందో చూశాక గానీ చెప్పలేం. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే ఈ గొడవంతా "ఎందుకు పగిలింది" అన్న దాని మీదే నడుస్తుంది, దానికి సాక్ష్యం అంతా ఇప్పుడు మీ బో మీదే ఉంది, ఎవరో ఒకరు దాన్ని ప్రెస్‌లో (లింబ్స్‌ని నొక్కిపట్టే యంత్రంలో) ఎక్కించి స్ట్రింగ్ ఊడదీశారంటే అందులో సగం పోయినట్టే. అందుకే కంపెనీ వైపు నుంచి జవాబు వచ్చేదాకా ఆ బోని ఎవ్వర్నీ విప్పనివ్వకండి, ఎంత తెలిసినవాడైనా సరే.

సేఫ్టీ సంగతి ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే చాలామందికి రికర్వ్ (చక్రాలు లేని విల్లు) అలవాటు ఉండి కాంపౌండ్‌ని కూడా అలాగే అనుకుంటారు. రికర్వ్‌కి స్ట్రింగ్ తీసేస్తే లింబ్స్‌లో ఏ బలమూ మిగలదు. కాంపౌండ్ అలా కాదు, ఊరికే స్టాండ్ మీద పెట్టినప్పుడు కూడా లింబ్స్ గట్టిగా వంగే ఉంటాయి, కేబుల్స్ వాటిని పట్టుకుని ఉంటాయి. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1960ల్లో విల్లు చివర్లకి చక్రాలు బిగించి, 1969లో పేటెంట్ తెచ్చుకున్నప్పుడు లింబ్స్ కాస్త పొడుగ్గానే ఉండేవి, అప్పటినుంచి ఇప్పటిదాకా అవి పొట్టిగా, బిరుసుగా తయారవుతూ వచ్చాయి, కొన్ని మోడల్స్‌లో అయితే లాగకముందే దాదాపు అడ్డంగా పడుకున్నట్టు వంగి ఉంటాయి. అంటే సగం పగిలిన లింబ్ పూర్తిగా విరిగిన లింబ్ కంటే ప్రమాదం. పూర్తిగా విరిగితే బలం అప్పుడే బయటకి పోయింది, స్ట్రింగ్ వదులైపోతుంది, క్యామ్ వేలాడుతుంది, చూస్తేనే తెలుస్తుంది. మీ కేసులో స్ట్రింగ్ ఇంకా బిగువుగానే ఉంది అంటున్నారు, అంటే ఆ పగిలిన లింబ్ ఇంకా మోస్తూనే ఉంది, ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియదు.

కాబట్టి ఫోటోలు తీసుకున్నాక పాత దుప్పటిలోనో మందపాటి టవల్లోనో చుట్టి, ముఖ్యంగా పై క్యామ్, లింబ్ చివర కప్పేట్టు చుట్టి, కేస్‌లో పెట్టి పిల్లల చేతికి అందని చోట ఉంచండి. ఎండలో కార్లో మాత్రం పెట్టొద్దు, వేడికి లింబ్ పొరల మధ్య జిగురు ఇంకా బలహీనమవుతుంది. లింబ్ బోల్ట్‌లు (వెయిట్ మార్చే మరలు) విప్పొద్దు. మామూలుగా వెయిట్ తగ్గించేటప్పుడు ఒక్కో తిప్పుకి మోడల్‌ని బట్టి సుమారు 2-3 పౌండ్లు తగ్గుతుంది, అదీ మాన్యువల్‌లో చెప్పినన్ని తిప్పులు మించకూడదు. పగిలిన లింబ్ మీద ఆ పని చేస్తే బరువు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారి అది అక్కడే పగిలిపోవచ్చు. స్ట్రింగ్ కోసేస్తే టెన్షన్ పోతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళ మాట వినకండి, స్ట్రింగ్ కోయడం అంటే డ్రై ఫైర్‌ని చేతులారా చేయడమే, పైగా మీ ముఖం ముందు. ఇక ఎపాక్సీ పోసి, దారం చుట్టి, టేప్ వేసి వాడుకుంటున్నాం అనేవాళ్ళూ ఉంటారు. చెక్క కర్రకి చేస్తే చేసుకోండి గానీ ఫైబర్‌గ్లాస్ లింబ్‌కి వద్దు, లోపల పోగులు తెగిపోయాక పైన ఎంత జిగురు పోసినా వంగే బలాన్ని అది మోయదు.

ఇంకోటి, ఆ లేచిన పేడు మీద వేలు పెట్టి రుద్దొద్దు. ఫైబర్‌గ్లాస్ పోగు చర్మంలో విరిగితే కంటికి కనపడదు, లాగితే రాదు, రోజుల తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది. దగ్గరగా చూడాలంటే గ్లౌజులు, కళ్ళజోడు పెట్టుకోండి.

ఇప్పుడు ఫోటోల దగ్గరకొద్దాం. ఇక్కడ బద్ధకించొద్దు. పగటి వెలుతురులో బో మొత్తం రెండు వైపుల నుంచీ తీయండి, తర్వాత సీరియల్ నంబర్, అది రైజర్ (చేత్తో పట్టుకునే మధ్య భాగం) మీదో, లింబ్ పాకెట్ (లింబ్ రైజర్‌లో కూర్చునే చోటు) దగ్గరో, కొన్నిటికి లింబ్ మీద స్టికర్‌లోనో ఉంటుంది. లింబ్ మీద వెయిట్ రాసి ఉన్న లేబుల్ కూడా తీయండి. పగిలిన చోటు దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, పక్కన స్కేల్ పెట్టి ఇంకోటి. ఆ తర్వాత అందరూ మర్చిపోయేవి: రెండు క్యామ్‌లూ వెనక నుంచి, అంటే స్ట్రింగ్ గాడిలో ఎలా కూర్చుందో కనపడేలా, యాక్సిల్ (క్యామ్ తిరిగే ఇరుసు) చివర్లు, వాటి మీద ఈ-క్లిప్ (ఇరుసు జారకుండా పట్టే క్లిప్) ఉందా లేదా, పీప్ (స్ట్రింగ్‌లో గురి చూసే రంధ్రం), డీ లూప్ (స్ట్రింగ్ పట్టుకుని లాగే చిన్న తాడు ముడి), సర్వింగ్ (స్ట్రింగ్‌కి చుట్టిన రక్షణ దారం), కేబుల్ స్లైడ్ లేదా రోలర్ (కేబుల్స్‌ని పక్కకి పట్టి ఉంచేది), బాగానే ఉన్న మిగతా లింబ్స్ కూడా. బాగున్నవాటి ఫోటో ఎందుకు అంటారేమో, "మిగతా అంతా బాగానే ఉంది" అనేదే మీ వాదనకి బలం మరి.

మిగతా లింబ్స్ బాగున్నాయో లేదో కంటితో చూసి చెప్పడం కష్టం, దానికి దూది వాడతాం. ఒక చిన్న దూది ఉండ తీసుకుని లింబ్ అంచుల వెంబడి పాకెట్ దగ్గర నుంచి యాక్సిల్ దాకా మెల్లగా, అసలు నొక్కకుండా జరపండి. ఎక్కడ సన్న పోగు లేచినా దూది అక్కడ పట్టుకుని వెంట్రుకంత తెల్ల దారం వదిలేసి వెళ్తుంది. లింబ్ చివర చీలిక ఉండే చోట, అంటే క్యామ్ కూర్చునే ఫోర్క్ మొదట్లో, ఇంకా బోల్ట్ దగ్గర లింబ్ పాకెట్‌లోకి దూరే చోట రెండుసార్లు చూడండి. దూది పట్టుకున్న ప్రతిచోటా ఫోటో తీయండి. పెయింట్ మీద సన్న గీత ఉంటే ఒక్కోసారి అది పైపూత పగులు మాత్రమే అయ్యుంటుంది, దూది పట్టకపోతే మార్కర్‌తో చివర్లు గుర్తుపెట్టి వదిలేయండి, అది పెరుగుతుందా లేదా అనేది తర్వాత సంగతి. మీ బో ఎలాగూ వాడటం లేదు కాబట్టి గుర్తు పెట్టి వదిలేస్తే చాలు.

సరే, డ్రై ఫైర్ అంటే అసలేం జరుగుతుంది? మామూలు షాట్‌లో లింబ్స్‌లో ఉన్న బలంలో ఎక్కువ భాగం బాణం తీసుకుని వెళ్ళిపోతుంది. ఉదాహరణకి 26 గ్రాముల బాణం సెకనుకి 82 మీటర్ల వేగంతో పోయిందనుకోండి, అది మోసుకెళ్ళింది దాదాపు 87 జౌల్స్. బాణం లేకుండా వదిలితే ఆ 87 జౌల్స్‌కి వెళ్ళడానికి చోటు లేదు, అదంతా స్ట్రింగ్, క్యామ్, యాక్సిల్, లింబ్ చివర్ల మీద ఒక్కసారిగా పడుతుంది. అందుకే నిజమైన డ్రై ఫైర్ ఒక్క చోటే గుర్తు వదిలి ఊరుకోదు. స్ట్రింగో కేబులో క్యామ్ నుంచి జారిపోవడం, క్యామ్ వంగడం, క్యామ్ గాడి అంచులో నొక్కులు పడటం, యాక్సిల్ వంగడం, పీప్ ఎగిరిపోవడం, సర్వింగ్ విడిపోవడం, పైనా కిందా లింబ్స్ రెండూ చివర్ల దగ్గర పగలడం, వీటిలో కనీసం రెండు మూడు కలిసి కనపడతాయి. అన్నీ ఉండాలని లేదు గానీ ఒక్కటీ లేకుండా డ్రై ఫైర్ అనేయడం అంటే చూడకుండా చెప్పడమే.

దీన్ని చూసే పద్ధతి ఉంటుంది. బొటనవేలి గోరు క్యామ్ గాడి అంచు మీద ఆనించి చుట్టూ మెల్లగా తిప్పితే ఎక్కడైనా నొక్కు ఉంటే గోరు టక్కున ఆగుతుంది. కళ్ళు మోసపోతాయి గానీ గోరు మోసపోదు. క్యామ్ వంకర కోసం వెనక నుంచి ఒక సాఫీ బాణాన్ని క్యామ్ పక్కన ఆనించి స్ట్రింగ్ వెంబడి చూస్తాం, కొన్ని మోడల్స్‌కి ఊరికే ఉన్నప్పుడు కొంచెం వాలు ఉండటం మామూలే కాబట్టి పై క్యామ్‌ని కింది క్యామ్‌తో పోల్చాలి, విడిగా చూసి కంగారు పడొద్దు. యాక్సిల్ సంగతి విప్పితే గానీ తెలియదు, గాజు పలక మీద దొర్లించి చూస్తారు, వంగి ఉంటే కింద వెలుగు గీత ఒకసారి కనపడి ఒకసారి మాయమవుతూ ఉంటుంది. అది కంపెనీ టెక్నీషియన్ చేసే పని, మీరు చేయాల్సింది కాదు.

అవతలి వైపు, లింబ్ తయారీలోనే లోపం ఉంటే లేదా పొరలు విడిపోతే ఎలా ఉంటుందంటే, సాధారణంగా ఒక్క లింబ్, ఒక్క చోటు, అంచు వెంబడి పొడుగ్గా పేడు లేవడం లేదా పక్క నుంచి చూస్తే పొరల మధ్య సన్న గీత కనపడటం, క్యామ్‌లు మాత్రం శుభ్రంగా ఉండటం. మీరు చెప్పిన దాన్నిబట్టి నాకు ఇదే ఎక్కువ అనిపిస్తోంది. అయితే ఫోటో చూడకుండా ఖాయంగా చెప్పను, ఎందుకంటే మూడో రకం కూడా ఉంది, బయట నుంచి తగిలిన దెబ్బ. బో కింద పడటం, ఇనుప స్టాండ్‌కి అంచు రాసుకోవడం, స్ట్రింగ్ మార్చేటప్పుడు ప్రెస్ వేళ్ళు తప్పు చోట పట్టుకోవడం, వీటివల్ల అంచులో చిన్న గాటు పడి వందల షాట్ల తర్వాత అక్కడినుంచే పేడు మొదలవుతుంది. మీ బోకి ఈ మధ్య ఎవరైనా స్ట్రింగ్ మార్చారా? మార్చింది ఆ షాపే అయితే వాళ్ళు అంత తొందరగా డ్రై ఫైర్ అనడం గురించి నేనైతే ఇంకొంచెం ఆలోచిస్తాను, అంతకంటే చెప్పను.

ఇంకో సంగతి మీరు నిజాయితీగా చెక్ చేసుకోవాలి. బాణం పెట్టే వదిలాను అన్నారు, ఒప్పుకుంటా, కానీ బాణం ఉండి కూడా డ్రై ఫైర్ అవ్వొచ్చు. నాక్ (బాణం వెనక స్ట్రింగ్‌కి తగిలే గాడి ముక్క) పగిలి ఉంటే, లేదా స్ట్రింగ్ మీద వదులుగా కూర్చుంటే, వదిలిన క్షణంలో బాణం స్ట్రింగ్ నుంచి జారిపోతుంది, బాణం రెండడుగుల దూరంలో పడుతుంది, బోకి మాత్రం పూర్తి దెబ్బ తగులుతుంది. గ్రూప్ బాగా వేసేవాళ్ళకి, అంటే బాణాలన్నీ ఒకే చోట కొట్టేవాళ్ళకి, ఇది ఎక్కువ, ఒక బాణం వెళ్ళి ముందు బాణం నాక్‌ని కొడుతుంది, కంటికి కనపడని పగులు పడుతుంది, అదే బాణం మళ్ళీ ఎక్కిస్తారు. ఆ రోజు ఆ బాణం టార్గెట్‌కి మామూలుగా చేరిందా, పక్కకో కిందకో పోయిందా గుర్తు తెచ్చుకోండి. ఆ బాణం దొరికితే అలాగే దాచండి, నాక్ తీయొద్దు. మామూలుగా టార్గెట్‌లో గుచ్చుకుని, నాక్ బాగుండి ఉంటే అది మీకు మంచి సాక్ష్యం.

బాణం బరువు కూడా తూయించండి. కంపెనీలు మాన్యువల్‌లో కనీస బరువు రాస్తాయి, చాలా చోట్ల కనిపించే లెక్క పౌండ్‌కి 5 గ్రెయిన్లు, అంటే 60 పౌండ్ల బోకి 300 గ్రెయిన్లు, సుమారు 19.5 గ్రాములు, పాయింట్, నాక్, ఈకలు అన్నీ కలిపి. స్పీడ్ కోసం దీనికంటే తేలిక బాణం వాడితే ప్రతి షాటూ ఒక చిన్న డ్రై ఫైర్ లాంటిదే, కంపెనీ ఆ ఒక్క కారణంతో కూడా క్లెయిమ్ తిప్పి పంపొచ్చు. 19.5 కంటే బాగా పైన ఉంటే ఆ అంకె కంపెనీకి రాసే ఉత్తరంలో రాసేయండి, వాళ్ళు అడగకముందే.

వారంటీ కాగితం ఇప్పుడు చదవండి, కొన్నప్పుడు ఎవరూ చదవరు కదా. చాలా కంపెనీల కాగితంలో కనపడేవి ఇవి: రైజర్‌కి, లింబ్స్‌కి ఎక్కువ కాలం కవరేజ్, కొన్నిటికి మొదటి ఓనర్ దగ్గర ఉన్నంతకాలం, స్ట్రింగ్, కేబుల్స్ లాంటి అరిగిపోయేవాటికి ఉండదు లేదా చాలా తక్కువ, డ్రై ఫైర్, తేలిక బాణాలు, ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయడం కవరేజ్‌లో ఉండవు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి వర్తించదు, అధీకృత డీలర్ దగ్గర కొన్న బిల్ ఉండాలి, కొన్నిటికి కొన్న కొద్ది రోజుల్లోనే రిజిస్టర్ చేసి ఉండాలి. విడిభాగం ఫ్రీ అయినా బిగించే కూలీ, పంపే ఖర్చు మీ మీద వేయడం కూడా మామూలే, దాని గురించి తర్వాత గొడవ పడకుండా ముందే అడిగి తెలుసుకోండి. రిజిస్టర్ చేయలేదని నీరసపడిపోవద్దు, బిల్ ఉంటే అడగడంలో తప్పేం లేదు. బిల్ పోయిందా, కొన్న చోట సీరియల్ నంబర్ చెప్పి కాపీ అడగండి, బ్యాంక్ స్టేట్‌మెంట్, కొన్న రోజు మెసేజ్‌లు ఏవి ఉన్నా పక్కన పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొని మొదటి ఓనర్ పేరు మీద క్లెయిమ్ వేయించడం మాత్రం నేను చెప్పను, పట్టుబడితే ఆ డీలర్ ఇంకోసారి మీ ఫోన్ ఎత్తడు.

షాప్ అతనితో వాదన పెట్టుకోవద్దు. ఒక్కటే అడగండి, "డ్రై ఫైర్ అని దేన్నిబట్టి అనుకుంటున్నారు, అది రాసిస్తారా" అని. నోటితో ఈజీగా అనేస్తారు గానీ రాయమంటే వెనక్కి తగ్గుతారు, లేదా నిజంగానే క్యామ్ మీద మీరు చూడని నొక్కు చూపిస్తారు, ఏదైనా మీకు లాభమే. వారంటీ ఇచ్చేదీ లేదనేదీ చివరికి కంపెనీ, షాప్ కాదు, కానీ చాలా కంపెనీలు క్లెయిమ్ డీలర్ ద్వారానే తీసుకుంటాయి కాబట్టి అతనితో మాటలు తెంచుకోవడం కూడా తెలివైన పని కాదు. అతను పంపనంటే కంపెనీ కస్టమర్ సర్వీస్‌కి నేరుగా రాసి, వేరే అధీకృత డీలర్ ద్వారా పంపొచ్చా అని అడగండి.

ఉత్తరం చిన్నగా ఉండాలి. కోపం, బాధ, సోషల్ మీడియాలో పెడతా అనే బెదిరింపు ఇవేవీ మొదటి ఉత్తరంలో వద్దు. ఇలా ఉంటే చాలు: "ఫలానా మోడల్, ఫలానా సీరియల్ నంబర్ బో, ఫలానా తేదీన ఫలానా డీలర్ దగ్గర కొన్నాను, మొదటి ఓనర్ నేనే. ఫలానా తేదీన 60 పౌండ్ల దగ్గర, ఇన్ని గ్రెయిన్ల బాణంతో షాట్ వదిలినప్పుడు పై లింబ్ అంచున పగిలింది. బాణం టార్గెట్‌కి చేరింది, నాక్ బాగుంది. స్ట్రింగ్ క్యామ్‌ల మీదే ఉంది, క్యామ్‌లలో నొక్కులు కనపడలేదు. ఆ తర్వాత బో లాగలేదు, ప్రెస్ చేయలేదు. ఫోటోలు జత చేశాను. పరీక్షకి ఎలా పంపాలో చెప్పండి." జరిగింది ఇదైతేనే రాయండి. జరగంది రాస్తే బెంచ్ మీద టెక్నీషియన్‌కి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, రోజూ విరిగిన బోలు చూసే మనిషి అతను. నిజంగా డ్రై ఫైరే అయ్యుంటే అదీ చెప్పేయండి, మా ఫ్రెండ్ లాగి చూస్తూ రిలీజ్ (స్ట్రింగ్ వదిలే పరికరం) నొక్కేశాడు అని. వారంటీ రాకపోయినా లింబ్ సెట్ తక్కువ ధరకి ఇచ్చే కంపెనీలు ఉంటాయి, అబద్ధం చెప్పినవాళ్ళకి ఆ మర్యాద దొరకదు.

కంపెనీ బో పంపమంటే, పంపేముందు ఒక పని ఉంది, దీన్ని వదిలేసి తర్వాత బాధపడేవాళ్ళే ఎక్కువ. మీ సెటప్ కొలతలు రాసుకోండి. డీ లూప్ నుంచి పీప్ మధ్యకి ఎంత, రెస్ట్ (బాణం ఆనే చోటు) మీద బాణం బెర్జర్ హోల్ (రైజర్‌లో రెస్ట్ బిగించే రంధ్రం) మధ్యలో ఉందా ఎంత పైకుంది, సైట్ (గురి పరికరం) మీద ప్రతి పిన్ లేదా స్కేల్ అంకె, స్టెబిలైజర్ (బోని నిలకడగా ఉంచే కడ్డీ) బరువులు, యాక్సిల్ నుంచి యాక్సిల్‌కి పొడవు, బ్రేస్ హైట్ (పట్టు నుంచి స్ట్రింగ్‌కి దూరం). ఇవన్నీ టేప్ ఆనించకుండా దగ్గరగా పట్టుకుని ఫోటో తీసినా తెలిసిపోతాయి, లాగాల్సిన పని లేదు. మాడ్యూల్ (క్యామ్ మీద బిగించే చిన్న ముక్క) మీద ఉన్న డ్రా లెంగ్త్ (స్ట్రింగ్ లాగే పొడవు) అక్షరం లేదా అంకె కూడా. ఆ తర్వాత స్క్రూతో ఊడేవి, అంటే సైట్, స్టెబిలైజర్, క్వివర్ (బాణాల పొది), రెస్ట్, విప్పి మీ దగ్గరే ఉంచుకోండి, అవి పోతే ఎవరూ బాధ్యత తీసుకోరు. రెస్ట్ తాడు కేబుల్‌కో లింబ్‌కో కట్టి ఉంటే రెస్ట్ వైపు నుంచి విప్పండి, కేబుల్ వైపు ముట్టుకోవద్దు, లింబ్‌కి కట్టి ఉంటే ఏ లింబ్‌కో రాసుకోండి. స్ట్రింగ్ మీద ఉన్నవేవీ తీయొద్దు. పెట్టెలో బో కదలకుండా చుట్టూ గట్టిగా మెత్త నింపండి, పెట్టె మీదా లోపలా క్లెయిమ్ నంబర్ రాయండి, మూసేముందు ఒక వీడియో. ఇంకా బిగువుగా ఉన్న పగిలిన బో అని కంపెనీకి ముందే చెప్పండి, డీలర్ దగ్గరే విడదీసి పంపమంటారో అలాగే పంపమంటారో వాళ్ళే చెప్తారు. విడదీయమంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకున్నాకే ప్రెస్ ఎక్కించనివ్వండి.

ఇప్పుడు ఒక్క లింబ్ ఎందుకు వద్దన్నానో. లింబ్స్ అన్నీ ఒకే అచ్చులో తీసినా ప్రతిదీ సరిగ్గా ఒకే బిరుసులో రాదు, అందుకే ఫ్యాక్టరీలో ఒక్కోదాన్ని వంచి చూసి, దగ్గర దగ్గర బిరుసు ఉన్నవాటిని జత కడతారు, ఆ కోడ్ చాలా లింబ్స్ మీద రాసి ఉంటుంది. స్ప్లిట్ లింబ్ బో అయితే నాలుగు ఉంటాయి, పైన కుడి ఎడమ కలవకపోతే క్యామ్ ఒక పక్కకి వాలుతుంది, పైనా కిందా కలవకపోతే బ్యాలెన్స్, టైమింగ్ (రెండు క్యామ్‌లూ కలిసి తిరగడం) పోతాయి. అది తీగ తెగిన వీణకి దొరికిన తీగేదో బిగించి శ్రుతి కోసం కూర్చున్నట్టు ఉంటుంది, ఎంత ట్యూన్ చేసినా రాదు. పైగా పై లింబ్ పగిలిన షాట్‌లో కింది లింబ్ కూడా అదే కుదుపు తిన్నది. అందుకే సెట్ అడగండి, కంపెనీ ఒక్కటే పంపుతానంటే పాత వాటి కోడ్‌తో జత చేసిందేనా అని అడగండి. ఇదే కారణంతో, పాత మోడల్ అయిపోయి కంపెనీ దగ్గర స్టాక్ లేనప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే విడి లింబ్ కొని వేసుకోవడం నాకు నచ్చదు, దాని చరిత్ర మీకు తెలియదు, అది కూడా డ్రై ఫైర్ అయిన బో నుంచి ఊడదీసిందే కావచ్చు.

కంపెనీ ఒప్పుకుంటే మూడు రకాలుగా జవాబు రావచ్చు. లింబ్ సెట్ మార్చి ఇస్తాం అంటే, క్యామ్, యాక్సిల్, రైజర్ బాగున్నాయని పరీక్షించి చెప్పినప్పుడు ఇది అన్నిటికంటే మేలు, మీ బో మీకే వస్తుంది, సగం సెటప్ అలాగే ఉంటుంది. స్ట్రింగ్ మాత్రం ఆ దెబ్బ తిన్నదే కాబట్టి, వారంటీలో రాకపోయినా, కొత్తది వేయించుకోండి, లింబ్స్ కోసం ఎలాగూ ప్రెస్ ఎక్కుతుంది, ఒకే కూలీతో అయిపోతుంది. రెండోది, అదే మోడల్ కొత్త బో. రైజర్ మీదా లింబ్ పాకెట్‌లోనూ పగులు ఉంటే దీని కోసం పట్టుబట్టాల్సిందే, రైజర్‌తో రాజీ పడొద్దు.

మూడోది, మీ మోడల్ ఆగిపోయింది, ఇప్పుడున్న మోడల్ ఇస్తాం లేదా కొంత తగ్గించి ఇస్తాం అంటారు. కొత్త మోడల్ అనగానే సంతోషపడి సంతకం పెట్టేసేవాళ్ళను చూశాను. ఆగి చూడండి. డ్రా లెంగ్త్ మీకు దొరుకుతుందా, మాడ్యూల్ విడిగా కొనాలా, లెట్ ఆఫ్ (పూర్తిగా లాగాక తగ్గే బరువు) ఎంత, యాక్సిల్ పొడవు మీరు షూట్ చేసే తీరుకి సరిపోతుందా? 37 అంగుళాల టార్గెట్ బో ఇచ్చి 30 అంగుళాల హంటింగ్ బో తీసుకుంటే పేపర్ మీద అది అప్‌గ్రేడే, కానీ 50 మీటర్ల దగ్గర నిలకడగా పట్టుకోవడం మీకు కష్టమవుతుంది. కొత్త క్యామ్ వేగం ఎక్కువైతే మీ బాణాల స్పైన్ (బిరుసు) చాలకపోవచ్చు, అప్పుడు డజను బాణాలు కొత్తవి, సైట్ టేప్ (దూరాల గుర్తుల పట్టీ) మళ్ళీ, మీరు కస్టమ్‌గా చేయించుకున్న స్పేర్ స్ట్రింగ్ పనికిరాదు. ఇవన్నీ కలిపి లెక్కేసుకున్నాకే ఒప్పుకోండి. పోటీలకి వెళ్తుంటే ఇంకోటి, వరల్డ్ ఆర్చరీ రూల్ ప్రకారం కాంపౌండ్ పీక్ వెయిట్ (లాగేటప్పుడు వచ్చే గరిష్ట బరువు) 60 పౌండ్లు దాటకూడదు, 60 అని రాసి ఉన్న లింబ్స్ పూర్తిగా బిగిస్తే ఒకటి రెండు పౌండ్లు పైకి వెళ్ళడం చాలా మామూలు, కాబట్టి కొత్త లింబ్స్ వచ్చాక స్కేల్ మీద కొలవకుండా చెకింగ్‌కి వెళ్ళొద్దు.

తిరస్కరిస్తే? కారణం, వాళ్ళు తీసిన ఫోటోలు అడగండి, వాటిని మీ ఫోటోలతో పోల్చండి. వాళ్ళ ఫోటోలో ఉన్న నొక్కు మీ ఫోటోలో లేకపోతే అది దారిలోనో విప్పేటప్పుడో పడిందని చూపించొచ్చు, మొదట్లో అన్ని ఫోటోలు తీయమన్నది ఇందుకే. మళ్ళీ చూడమని ఒకసారి రాయండి, ఈసారి పై అధికారికి. అప్పటికీ కాదంటే లింబ్ సెట్ ఖర్చుకి ఎంతవుతుందో అడిగి, బిగించే కూలీ, స్ట్రింగ్ కలిపి, అదే తరగతి మంచి బో ధరలో సగం దాటుతుంటే నేనైతే కొత్తదే చూసుకుంటా. క్యామ్ కూడా పోయి ఉంటే ఆలోచించే పనే లేదు.

బో బాగై వచ్చాక వెంటనే ఫుల్ డ్రా లాగేయకండి. ముందు లింబ్ లేబుల్ చూడండి, మీరు అడిగిన వెయిటేనా అని. యాక్సిల్ పొడవు, బ్రేస్ హైట్ కంపెనీ చెప్పిన అంకెలకి దగ్గరగా ఉన్నాయా, పైనా కిందా బోల్ట్‌లు బిగువు నుంచి ఒకే లెక్కన తిప్పి ఉన్నాయా, లాక్ స్క్రూ ఉంటే బిగించారా. టైమింగ్ డ్రా బోర్డ్ (బోని బిగించి మెల్లగా లాగి చూసే బల్ల) మీద చూపించమని అడగండి, పైన కింద స్టాప్‌లు (క్యామ్ తిరగడం ఆపేవి) రెండూ ఒకేసారి తగలాలి. మొదటి షాట్లు వెయిట్ తగ్గించి, మీ దగ్గరున్న వాటిలో బరువు బాణంతో, టార్గెట్‌కి దగ్గరగా, కళ్ళజోడు పెట్టుకుని. ఆ రోజు అయిపోయాక మళ్ళీ దూది. కొత్త స్ట్రింగ్ వంద షాట్ల దాకా కొంచెం సర్దుకుంటుంది, పీప్ తిరిగినట్టు అనిపిస్తుంది, అది అయ్యాకే పేపర్ ట్యూన్ (కాగితం గుండా బాణం వదిలి సరిచూసుకోవడం), సైట్ సెట్టింగ్ చేసుకోండి, ముందే చేస్తే రెండోసారి చేయాలి.

మీ పాత బాణాలన్నీ కొత్త బోకి ఎక్కించేముందు ఒక్కోటి రెండు చేతులతో చెవి దగ్గర పట్టుకుని మెల్లగా వంచి తిప్పండి, చిటపట వినిపిస్తే కార్బన్ పగిలినట్టే, అది చెత్తలోకి. నాక్స్ మొత్తం మార్చేయండి, వాటి ధర ఎంతని. ఆ పగిలిన షాట్‌లో వాడిన బాణం మాత్రం క్లెయిమ్ తేలేదాకా అలాగే దాచి ఉంచండి. ఈలోపు క్యామ్‌ల ఫోటోలు పెట్టగలిగితే పెట్టండి, ముఖ్యంగా కింది క్యామ్ వెనక వైపుది, చూసి నాకు ఏమనిపిస్తుందో చెప్తాను.